కోరింగ బురదలో నాయిన చెప్పులు

సముద్రం వైపు వెళ్లి వచ్చినవాళ్లంతా అలల సంగతి చెబుతారు. నేను బురద సంగతి చెప్పబోతున్నాను. కోరింగ మడ అడవి చూడబోయి, చెప్పులు పోగొట్టుకుని, ఉత్త కాళ్లతో కాకినాడ బజారులో నడిచిన మనిషిని నేను. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకుని, తర్వాత తీరిగ్గా చదవండి.

గోడ మీది వల

నేను పుట్టింది శామీర్‌పేటలో. ఉంటున్నది గుండ్లపోచంపల్లిలో కొత్తగా లేచిన కాలనీలో. మేడ్చల్ బడిలో పాఠాలు చెబుతాను. మా కాలనీలో సగం ఇళ్లు కోస్తా జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లవి. పక్కింటి సత్యవతి గారిది కాకినాడ. ఆవిడ ఏ మాట మొదలుపెట్టినా కాకినాడలోనే తేలుతుంది. మా వీధిలో కుళాయి రాకపోయినా, కరెంటు పోయినా, "మా కాకినాడలో అయితేనా" అంటుంది. మనిషి మాత్రం వెన్న.

మా నాయిన పెంటయ్య శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి మమ్మల్ని పెంచాడు, ఇప్పటికీ అక్కడే ఉంటాడు. నేను చెబుతున్నది రెండువేల సంవత్సరం దాటాక వానలు మొహం చాటేసిన రోజుల సంగతి. చెరువు ఏటికేడు లోపలికి కుంచించుకుపోయింది. ఒకప్పుడు నీళ్లు నిలిచిన చోట మేకలు మేస్తున్నాయి. నాయిన వలను గోడకు తగిలించి, అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన నోరు మూయించడం ఎవరి వల్లా అయ్యేది కాదు. ఇప్పుడు ఏమడిగినా "ఊఁ" అంటాడు. ఆ "ఊఁ" వినడం కన్నా నాలుగు తిట్లు తినడం నయమనిపించేది నాకు.

ఇంతలో అలియాబాద్ దారిలో ద్రాక్షతోట ఉన్న ఆసామి ఒకాయన నాయినకు కాపలా పని ఇస్తానన్నాడు. మంచిదే. కానీ వల కూడా తెమ్మన్నాడట, పిట్టలు గుత్తులు పొడవకుండా పందిరి మీద కప్పడానికి. నాయిన సరేనన్నాడు. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు. నాయిన తన చేత్తో అల్లుకున్న విసురువల అది. వల పోతే ఇక నాయిన చెరువు ముఖం చూడడని నా భయం.

నాయిన మా ఇంటికి వచ్చినప్పుడు, సత్యవతి గారు పుట్టింటికి వెళుతూ మమ్మల్ని రమ్మంది. "బాబాయ్ గారూ, మా కోరింగ అడవి చూద్దురుగాని రండి. అడవి, ఏరు, సముద్రం అన్నీ ఒక్కచోటే ఉంటాయి" అంది.

"అడవి జూడనీకి గంత దూరం పోవాల్నా సత్తెమ్మా? మా శామీర్‌పేటల జింకల పార్కు లేదా?" అన్నాడు నాయిన.

"జింకలు కాదండీ, నీటికుక్కలు ఉంటాయి."

"కుక్కలు గూడ మస్తున్నయ్ మా కాడ."

చివరికి నా పోరు పడలేక ఒప్పుకున్నాడు. "సరే పోదాం. వచ్చినంక తోటల పనికి జేరుత. వల గూడ గప్పుడే ఇచ్చేస్త" అన్నాడు. నేను తలూపాను. బయలుదేరేముందు పుట్టింటికి వెళ్లి, ఆయన స్నానానికి వెళ్లిన సమయం చూసి, గోడ మీది వలను మడిచి నా సంచి అడుగున, చీరల కింద పెట్టేశాను. ఒక్కసారి, ఏ నీళ్లలోనైనా సరే, నాయిన వల విసరడం చూడాలన్నదే నా ఆశ. మడ అడవి, నీటికుక్క అన్నీ దాని తర్వాతే.

రైలు పెట్టెలో వాసన

వలకు ఎంత ఎండ తగిలినా చేపల వాసన వదలదని నాకు తెలియాల్సింది. సికింద్రాబాదు దాటి కాసేపయిందో లేదో, ఎదుటి సీటులోని ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె భర్త సీటు కింద వంగి చూశాడు. ఒకాయన తన టిఫిను డబ్బా మూత తీసి వాసన చూసి, అనుమానంగానే మళ్లీ మూశాడు. సత్యవతి గారు కిటికీలోంచి బయటికి చూస్తూ, మేమెవరో తనకు తెలియనట్టు కూర్చుంది.

నాయిన మాత్రం కళ్లు మూసుకుని గట్టిగా గాలి పీల్చాడు. తర్వాత నా సంచి వంక చూశాడు.

"గిది నా వల వాసన" అన్నాడు.

బుకాయించాలని చూశాను. నా వల్ల కాలేదు. "ఎందుకు దెచ్చినవ్? ఆ సారుకు మాటిచ్చిన గదా" అన్నాడు. "వచ్చాక ఇద్దువులే నాయినా, దానికి కూడా ఊరు చూపిద్దామని" అన్నాను. ఆయన నవ్వలేదు. అటు తిరిగి పడుకున్నాడు. తెల్లారి సామర్లకోట దాకా నాతో మాట్లాడితే ఒట్టు.

కాకినాడ: బెల్లం పులుసు

సత్యవతి గారి అన్నగారింట్లో దిగాం. ఆ ఇంట్లో మర్యాదకు తల ప్రాణం తోకకొస్తుంది. ప్రతి మాటకూ "ఆయ్" అంటారు, ప్రతి మాట చివరా "అండి" తగిలిస్తారు. గుమ్మం దగ్గర పిల్లి అడ్డంగా కూర్చుంటే ఆ ఇంటి కోడలు "కాస్త తప్పుకోండమ్మా" అంది దాన్ని. మా వైపు అయితే పిల్లి సంగతి అటుంచండి, అల్లుడైనా అంత మర్యాదకు నోచుకోడు.

పొద్దున పెసరట్టు, అందులో ఉప్మా. నాయిన ఉప్మాను వేరుగా తీసి పక్కన పెట్టి, "రెండు టిఫిన్లు ఒక్కదాన్లనే జుట్టిండ్రు, జల్దీ ఉన్నదేమో" అన్నాడు. మధ్యాహ్నం ఆనపకాయ పులుసు నోట్లో పెట్టుకోగానే ఆయన ముఖం మారింది. నా చెవి దగ్గరికి వచ్చి, "బిడ్డా, పులుసుల బెల్లం వడ్డది. పాపం ఆ పిల్ల చూసుకోలే. ఏమనకు" అన్నాడు. వాళ్ల అలవాటే అంతని చెబితే నమ్మలేదు. ఆ పిల్లకు తిట్లు పడకూడదని రెండుసార్లు అడిగి మరీ వేయించుకున్నాడు. దాంతో ఆయనకు ఆ పులుసంటే ప్రాణమని ఇంటిల్లిపాదీ తీర్మానించి, రాత్రికీ అదే చేశారు.

సాయంత్రం బీచికి తీసుకెళ్లారు. వేయించిన మరమరాల పొట్లం రెండు రూపాయలు, మొక్కజొన్న పొత్తు మూడు. నాయిన సముద్రాన్ని చాలాసేపు చూశాడు. ఒక దోసెడు తీసి నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

"గిన్ని నీళ్లిచ్చి గింత ఉప్పెందుకు బోసిండో దేవుడు. మా చెరువుకు గిండ్లకెల్లి ఒక్క కాలువంత ఇయ్యకపాయె" అన్నాడు.

సత్యవతి గారు కాకినాడ తరఫున ఇంకో మొక్కజొన్న పొత్తు కొని ఆయన చేతిలో పెట్టింది. నేను మరమరాలు తిన్నాను.

కోరింగ: నూకరత్నం పడవ

మర్నాడు పొద్దున్నే, వల మీద చీరలు కప్పిన నా సంచి భుజాన వేసుకుని, యానాం వెళ్లే బస్సెక్కి కోరింగ వైపు వెళ్లాం. అడవి తెరవడానికి ఇంకా సమయం ఉందని, గేటుకు ఇవతల ఉన్న జాలరిపల్లెలోకి నడిచాం. సత్యవతి గారికి అక్కడ తెలిసినావిడ ఉంది. పేరు నూకరత్నం. పీతలు, రొయ్యలు పట్టి కాకినాడలో అమ్ముతుంది. సత్యవతి గారి పుట్టింటికి చేపలు పోసేది ఈవిడే.

ఊరి పక్కన కాలువ ఉందన్నారు. వెళ్లి చూద్దుము కదా, చుక్క నీళ్లు లేవు. ఒడ్డు నుంచి ఒడ్డు దాకా నల్లటి బురద. పడవలు పక్కకు ఒరిగి బురదలో కూరుకుపోయి ఉన్నాయి. నడుమ సన్నటి చారలా కాస్త తడి. చిన్న చిన్న చేపలేవో బురద మీద గెంతుతున్నాయి. కొంగలు తీరిగ్గా ఏరుకుని తింటున్నాయి.

నాయిన అలాగే నిలబడిపోయాడు. నాకు ఆయన ముఖం చూడాలంటే భయం వేసింది. మూడేళ్లుగా ఆయన దేన్ని చూడలేక అరుగెక్కి కూర్చున్నాడో, అదే బురదను చూపించడానికి ఇంత దూరం లాక్కొచ్చానా అనుకున్నాను. ఏటా పిల్లలకు ఆటుపోట్ల పాఠం చెప్పేదాన్ని, చంద్రుడి బొమ్మ గీసి మరీ చెబుతాను. అయినా ఆ బురద ఎదురుగా నిలబడితే నా పాఠం నాకే గుర్తుకు రాలేదు. ఎండిపోయిందనే అనుకున్నాను.

నూకరత్నం ఒరిగిన పడవ అంచు మీద కూర్చుని వల బాగు చేసుకుంటోంది. నాయిన తిన్నగా ఆమె దగ్గరికి వెళ్లాడు. ఒక చెరువు మనిషి ఇంకో చెరువు మనిషిని పలకరించినట్టే పలకరించాడు.

"అమ్మా, ఎన్నేండ్లాయె గిది ఎండి?"

"ఏది బాబాయ్?" అంది నూకరత్నం.

"గీ కాలువ. మాది గూడ గిట్లనే ఎండింది బిడ్డా. మూడేండ్లాయె. మేం పడ్డ పరేషాన్ నాకెర్క. ధైర్నం ఇడ్వకు."

మా చెరువు దగ్గర ఒక ఆచారం ఉంది. ఎవరి వలకైనా వరసగా చేప పడకపోతే, వాళ్లను చూడటానికి ఉత్త చేతులతో వెళ్లరు. ఉన్నదేదో తీసుకెళ్లి పెడతారు. నాయిన తన కండువా ముడి విప్పాడు. ఇంటి నుంచి తెచ్చుకుని, బెల్లం పులుసుల నడుమ అవసరపడతాయని దాచిపెట్టుకున్న జొన్నరొట్టెల్లో రెండే మిగిలాయి. ఆ రెండూ, వాటి మీద ఎల్లిపాయ కారం పెట్టి, ఆమె చేతిలో పెట్టాడు.

"తిను బిడ్డా. పిల్లలకు గూడ ఇంత పెట్టు" అన్నాడు.

నూకరత్నం రొట్టెల వంక చూసింది, నాయిన వంక చూసింది, సత్యవతి గారి వంక చూసింది. సత్యవతి గారు నవ్వు ఆపుకోలేక చీర కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు గుర్తొచ్చింది నాకు నా పాఠం.

"ఎండటమేంటండీ బాబాయ్? పోటు ఇంకా రాలేదండి. మధ్యాన్నానికి ఈ పడవ తేలుద్ది. మీరే చూద్దురుగాని" అంది నూకరత్నం.

నాయిన ఆమె తల మీద చెయ్యి వేశాడు. "గట్లనే జెప్పుకుంటం బిడ్డా. మేం గూడ గట్లనే జెప్పుకున్నం, రేపొస్తయ్, ఎల్లుండొస్తయ్ అని."

నూకరత్నం నవ్వబోయి ఆగిపోయింది. రొట్టె ముక్క తుంచి కారంలో అద్దుకుని తింది. కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికే అనుకుంటాను. "అడవి చూసొచ్చెయ్యండి బాబాయ్. వచ్చి నా పడవెక్కుదురుగాని" అంది.

దారిలో నేను చంద్రుడు, ఆకర్షణ అంటూ మొదలుపెట్టాను. "గవి పోరలకు జెప్పు" అన్నాడు నాయిన.

చెక్కల బాట మీద

అడవిలోకి మనిషికి అయిదు రూపాయల టికెట్టు. లోపల చెక్కల బాట వేశారు. కింద బురద, పైన పచ్చటి కప్పు, మధ్యలో మనం. మడ చెట్లకు వేళ్లు కిందికే కాదు, పైకి కూడా మొలుస్తాయి. నేలంతా వేలెడు పొడుగు పుల్లలు గుచ్చిపెట్టినట్టు ఉంటుంది. గాలి పీల్చడానికట. మా శామీర్‌పేట చుట్టూ ఉన్న తుమ్మ, రేగు పొదల్లో నడిచిన కాళ్లకు ఈ అడవి కొత్త. అక్కడ ముల్లు గుచ్చుకుంటుందని భయం, ఇక్కడ జారిపడితే ఎవరు లాగుతారోనని భయం. కానీ ఆ చల్లదనం, ఆ పచ్చని వెలుతురు, ఆకుల మధ్య నుంచి నీలిపిట్ట ఒక్కసారిగా దూసుకుపోవడం, ఇవన్నీ చూస్తూ నేను సంచిలోని వల సంగతే మరిచిపోయాను.

ఒంటి చెయ్యి పెద్దదిగా, ఎర్రగా ఉన్న పీతలు వందల కొద్దీ బయటికొచ్చి, మమ్మల్ని రమ్మన్నట్టు ఆ చెయ్యి ఊపుతున్నాయి. సత్యవతి గారు వాటికి తిరిగి చెయ్యి ఊపింది. నీటికుక్క మాత్రం కనిపించలేదు. "మొన్న మా వదిన వచ్చినప్పుడు మూడు కనిపించాయి" అంది ఆవిడ. మనం వెళ్లినప్పుడు కనిపించనివన్నీ వాళ్ల వదినలకు కనిపిస్తాయి, అంతే.

నాయిన ఆ అందం దేన్నీ పట్టించుకోలేదు. కటకటాల మీద వంగి బురదనే చూస్తూ నడిచాడు. "చెట్లు గింత పచ్చగ ఎట్లున్నయ్, నీళ్లే లేకపాయె" అని ఒకసారి అన్నాడు. అంతే.

పోటు

మేం పల్లెకు తిరిగొచ్చేసరికి ఎండ నెత్తి మీదికొచ్చింది. కాలువ గట్టున కూర్చున్నాం. బురద అలాగే ఉంది. నాయిన "జెప్పలే?" అన్నట్టు నా వంక చూశాడు.

అప్పుడు నడుమనున్న సన్నటి చార కదిలింది. ఒక ఎండుటాకు అడవి వైపు, అంటే ఎగువకు, నడవడం మొదలుపెట్టింది. చప్పుడు లేదు. పీతల బొక్కల్లోంచి బుడగలు పైకొచ్చాయి. కాసేపట్లో చార వెడల్పైంది. కొంగలు ఒక అడుగు వెనక్కి, తర్వాత ఇంకో అడుగు వెనక్కి జరిగాయి. ఒరిగి పడుకున్న పడవలు ఒక్కొక్కటే ఒళ్లు విరుచుకుని లేచి నిలబడ్డాయి.

నాయిన లేచి నిలబడ్డాడు. ఆకాశం వంక చూశాడు. మబ్బు తునక లేదు.

"వాన లేకపాయె" అన్నాడు మెల్లగా. "యాడికెళ్లి వచ్చినయ్ గీ నీళ్లు?"

"పొద్దున్న వెళ్లినవేనండి బాబాయ్, వెనక్కొచ్చేశాయి. రోజూ ఉండేదే" అంది నూకరత్నం పడవ తాడు విప్పుతూ.

నాయిన నా వైపు తిరక్కుండానే చెయ్యి చాచాడు.

"వల దే."

సంచిలోంచి చీరలన్నీ గడ్డి మీద కుమ్మరించి తీసిచ్చాను. మా చెరువు దగ్గర ఇంకో పద్ధతి కూడా ఉంది. వల విసిరేవాడు తన చెప్పులు సరిగ్గా నీటి అంచున వదులుతాడు. ఆ చెప్పులు అక్కడ ఉన్నంతసేపూ ఆ చోటు ఆయనది, ఇంకొకరు అక్కడ వల వెయ్యరు. నాయిన తన చెప్పులు నీటి అంచున పెట్టాడు. నావీ విప్పించి పక్కన పెట్టాడు, కూతురికీ వాటా ఉండాలని కాబోలు. కాకినాడలో కొన్న కాజాల పొట్లం, సత్యవతి గారి గొడుగు కూడా అక్కడే పెట్టాడు. నేనూ వెనకే నీళ్లలో దిగాను. ఆయన మోకాలి లోతుకు దిగి, వల కొస పంటితో పట్టి, నడుము తిప్పి విసిరాడు.

మూడేళ్ల తర్వాత కూడా వల గుండ్రంగానే విచ్చుకుంది. సత్యవతి గారు చప్పట్లు కొట్టింది. నేను ఏడ్చాను, దాచుకునేదేముంది.

మొదటిసారి నాలుగు రొయ్యలు. రెండోసారి ఒక పెద్ద పీత, అది తన కొండితో వలను జానెడు మేర కత్తిరించేసింది. నాయిన దాన్ని నోరారా తిట్టాడు. ఆ తిట్లు విని ఎన్నాళ్లయిందో! మూడోసారి, నాలుగోసారి... పల్లె ఆడవాళ్లంతా గట్టు మీద చేరారు. ఎవరో "బాబాయ్, మీ చెప్పులండీ" అని అరిచారు. వెనక్కి తిరిగేసరికి నీటి అంచు మా వెనక చాలా దూరం వెళ్లిపోయింది. చెప్పులు లేవు. కాజాలు లేవు. సత్యవతి గారి గొడుగు మాత్రం అడవి వైపు ఠీవిగా తేలిపోతోంది.

"అయ్యో, నీళ్లంచున ఎవరైనా పెడతారాండీ?" అంది నూకరత్నం.

"మా కాడ నీళ్లు పెట్టిన కాడనే ఉంటయ్ బిడ్డా" అన్నాడు నాయిన. అని, నీళ్లలోనే నిలబడి, పడీ పడీ నవ్వాడు.

ఆ పూట నూకరత్నం ఇంట్లో పీతల కూర తిన్నాం. అందులో బెల్లం లేదు. నాయిన మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు, ఈసారి ఎవరి మీదా జాలితో కాదు.

తిరుగు దారి

ఉత్త కాళ్లతో కాకినాడ బజారులో నడుస్తుంటే సత్యవతి గారు మాకు పది అడుగులు ముందే నడిచింది, తెలిసినవాళ్లు చూస్తారని. రోడ్డు పక్క తోపుడు బండి మీద నీలం పట్టీల హవాయి చెప్పులు కొన్నాం. నలభై చెప్పాడు, ముప్ఫైకి ఇచ్చాడు.

రైలెక్కగానే నాయిన నన్ను దారం అడిగాడు. పీత కత్తిరించిన చోట ఒళ్లో వేసుకుని అల్లడం మొదలుపెట్టాడు. ఎదుటి సీటువాళ్లు మళ్లీ ముక్కులు మూసుకున్నారు. "జర ఓర్వుండ్రి, మీకు గూడ ఓ కథ జెప్త" అంటూ వాళ్లకు శామీర్‌పేట కొర్రమట్ట చేపల కథలు చెప్పసాగాడు. పిట్టలకు కప్పే వలకు అంత చిన్న కన్ను పెట్టి అల్లక్కర్లేదు. నాకు అర్థమై, మిగిలిన దారం కూడా ఆయన ఒళ్లో పెట్టాను.

వచ్చిన వారానికి ద్రాక్షతోట ఆసామి మా పుట్టింటికి వచ్చినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. "కాపలా పని జేస్త సారూ, రాత్రిళ్లు. వల మాత్రం ఇయ్య. మాట దప్పిన, తప్పే. పొద్దుగాల దాంతోని పనున్నది" అన్నాడు నాయిన. ఆసామి ఏమనుకున్నాడో గానీ, సరేనని వెళ్లిపోయాడు.

శామీర్‌పేట

మొన్న ఆదివారం పొద్దున్నే టిఫిను పట్టుకుని పుట్టింటికి వెళితే, నాయిన చెరువు కాడికి పోయిండని చెప్పారు. కట్ట ఎక్కి చూశాను. చెరువు ఎప్పటిలాగే నడుమన ఒక పళ్లెమంత ఉంది. మిగతా అంతా పగిలిన నేల, మేకలు. దూరంగా, చీలమండ లోతు నీళ్లలో, నాయిన వల విసురుతున్నాడు. పడితే చిన్న పరక చేపలు పడతాయేమో, అంతే.

కాకినాడ చెప్పులు మాత్రం నీటి అంచున లేవు. కట్ట రాళ్ల మీద, ఒకప్పుడు చెరువు నిండుగా ఉన్నప్పటి నీటి గుర్తుకు కూడా ఒక జానెడు పైన, ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఉన్నాయి. అక్కణ్ణుంచి నీళ్ల దాకా ఆ పగుళ్ల నేల మీద ఉత్త కాళ్లతో నడిచాడన్నమాట.

"గంత దూరం ఇడ్సినవేంది నాయినా చెప్పులు?" అని అరిచాను.

నాయిన వల దులుపుతూ నా వైపు తిరిగాడు.

"నీళ్లొస్తే కొట్కపోవా బిడ్డా?"

నవ్వుదామనుకున్నాను. ఆయన నవ్వడం లేదు. నా చెప్పులు కూడా విప్పి, ఆ రాళ్ల మీద, ఆయన చెప్పుల పక్కన పెట్టి దిగాను.